చుక్క రాలని గుహ

అమ్మేవాడికి తొందరుందని కొనేవాడు పసిగట్టాడంటే ఆ బేరం పోయినట్టే. ఓష్ ఊరి బజారులో ఇన్నేళ్ళు బియ్యం అమ్మి నేను నేర్చుకున్న మొదటి సంగతి ఇదే. బస్తాలు ముక్కిపోతున్నా, తెల్లారితే అప్పులవాడు వస్తాడని తెలిసినా, టీ తాగుతూ కూర్చోవాలి. మా ఊరి మధ్యన అందరూ మొక్కుకునే సులైమాన్ కొండ దగ్గర మాత్రం ఈ విద్య పనికిరాలేదు. కొండకు ఏ తొందరా లేదు. ఉన్నదంతా మాకే.

నా భార్య హోసియత్‌కు నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం చచ్చిపోతుందట. ఎడమ కన్ను పోతోందని మాకు తెలిసేసరికే పోయింది. కుడికన్నుతో, గొట్టంలోంచి చూసినట్టు, ఎదురుగా ఉన్నది మాత్రం చూస్తుంది. పక్కనున్న గిన్నె కనపడదు, పక్కనున్న నేనూ కనపడను. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్న కాస్తా నిలవాలంటే కంటికి కోత పెట్టాలనీ రాజధాని బిష్కెక్‌లోని డాక్టరు చెప్పాడు. జూలై మొదటి వారంలో రమ్మన్నాడు. ఇది తప్పితే మళ్ళీ శరత్కాలం దాటాకే వీలవుతుంది, అప్పటికి కాపాడటానికి ఏమీ మిగలదన్నాడు.

నా లెక్కలో ఇందులో ఆలోచించాల్సిందే లేదు. వెళ్తే ఒక కన్ను దక్కవచ్చు. వెళ్ళకపోతే రెండూ పోతాయి. ఏ పిచ్చివాడైనా మొదటిదే ఎంచుకుంటాడు.

హోసియత్ పిచ్చిది కాదు, భయపడింది. ఆమె అక్క నజాకత్ పిత్తాశయంలో రాళ్ళు తీయించుకోవడానికి ఆసుపత్రిలోకి నవ్వుతూ నడిచి వెళ్ళింది, దుప్పటి కప్పుకుని బయటికొచ్చింది. ఆ రోజు బయట బెంచీ మీద అక్క చెప్పులు పట్టుకుని కూర్చున్నది హోసియత్. కత్తి మాట ఎత్తితే ఆమె చేతులు ఇప్పటికీ చల్లబడతాయి. జలాలాబాద్‌లో ఉన్న మా అమ్మాయి ఫోనులో ఏడ్చింది, నేను కసిరాను, బతిమాలాను. చివరికి ఒక సాయంత్రం పిండి పిసుకుతూ ఆమే అంది:

"కొండ ఒప్పుకుంటే వెళ్తానండీ. చుక్క పడితే వెళ్తాను. ఇక నన్ను చంపకండి."

కొండ మీద చుక్కల గుహ ఉంది. కప్పు నుంచి నీటి చుక్కలు రాలుతాయి. మనసులో సంకల్పం చెప్పుకుని వెల్లకిలా పడుకుంటే, చుక్క కంటి మీద పడినవాళ్ళ కోరిక తీరినట్టే. హోసియత్ చిన్నపిల్లగా ఉన్నప్పుడు కళ్ళు పుసులు కట్టి తెరుచుకోకపోతే వాళ్ళ అమ్మమ్మ అక్కడ పడుకోబెట్టిందట. చుక్క పడిందట, కళ్ళు విచ్చాయట. కాబట్టి ఆ కళ్ళ మీద కొండకు హక్కుందని ఆమె నమ్మకం. నాకు అది మంచి ఒప్పందంలాగే తోచింది. గుహలో చుక్కలు పడుతూనే ఉంటాయి, ఎప్పుడో ఒకటి పడకపోదు, సంతకం అయిపోతుంది అనుకున్నాను.

జూన్ అంతా ఎక్కాం. ఒక్కటీ పడలేదు.

జూలై మొదట్లో, బయల్దేరాల్సిన ముందు రోజు, దుకాణం ఇనుప తలుపు దించుతుంటే పక్క దుకాణం కుబాత్ ఊరుకోలేదు. ఎండు ఆప్రికాట్లు అమ్మే కిర్గిజు మనిషి. మండుటెండలో కూడా తెల్ల ఉన్ని టోపీ తీయడు.

"ఏం తుర్గున్, మళ్ళీ కొండకేనా? పైన గిరాకీ బాగుందా ఏంటి?"

"నీ ఆప్రికాట్లు కొన్నవాళ్ళు పళ్ళు బాగుపడాలని మొక్కుకోడానికి ఎక్కుతున్నారంట. చూసొద్దామని."

"నా సరుకు తిన్నవాడు కొండెక్కుతాడు. నీ బియ్యం తిన్నవాడు మంచం దిగడు." నవ్వి, దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "వదిన ఒప్పుకుందా?"

"చుక్క పడితే ఒప్పుకుంటది."

"పడకపోతే?"

నేను తాళం వేశాను.

"సరేలే," అన్నాడు. "రేపు తెల్లారేసరికి బిష్కెక్ వెళ్ళే మా బామ్మర్ది కారు మీ గుమ్మంలో ఉంటది. ముందు సీటు వదినకే. ఇంకెవర్నీ ఎక్కించుకోవద్దని చెప్పా. నువ్వు వెనకాల నా ఆప్రికాట్ బస్తాల మధ్య కూర్చో, ఊరికే తీసుకుపోతున్నాననుకోకు."

హోసియత్ కొండ కింద గేటు దగ్గర నాకోసం చూస్తోంది. పట్టు గౌను మీద తెల్ల తలగుడ్డ, చేతిలో గుడ్డలో చుట్టిన రొట్టెలు. నా సంచిలో స్టీలు ఫ్లాస్కు నిండా ఆకుపచ్చ టీ. ఆమె మెట్ల పక్కనున్న ఇనుప కమ్మీ పట్టుకుని ముందు నడిచింది, నేను ఒక మెట్టు వెనక. పడితే పట్టుకోవాలంటే వెనకే ఉండాలి. పక్కన నడిస్తే ఎలాగూ కనపడను.

నడుంనొప్పి పోవాలని జారే బండ దగ్గర ఎప్పటిలాగే ఆడవాళ్ళ గుంపు. ఎన్ని తరాలవాళ్ళు జారారో ఆ రాయి గాజులా మెరుస్తుంటుంది. ఒక లావుపాటి ఆవిడ సగంలో ఇరుక్కుపోయి, "తొయ్యండే, చూస్తారేం!" అని అరుస్తుంటే చుట్టూ అందరూ పడిపడి నవ్వుతున్నారు. వాళ్ళలో ఒక ముసలమ్మ నన్ను చూసింది.

"నువ్వూ జారవయ్యా బియ్యం సాహుకారూ! బస్తాలు మోసిన నడుం కదా."

"మోసింది కూలీలమ్మా, నేను కాదు."

"మరి ఆ వంకరేంటి?"

"అది తక్కెడ చూసీ చూసీ వచ్చింది."

హోసియత్ కూడా నవ్వింది. పొద్దున్నుంచి అదే మొదటిసారి. దాన్ని నేను మంచి శకునంగా లెక్కేసుకున్నాను. పై మలుపులో బల్ల మీద కూర్చుని టీ అంతా తాగేశాం. గాలి పొడిగా, వేడిగా ఉంది. కింద ఊరంతా దుమ్ములో పరుచుకుని ఉంది.

కొండ మీది మ్యూజియం గుమ్మం ముందు కాలేజీ పిల్లల గుంపును నిలబెట్టి గైడు అమ్మాయి ఏదో చెబుతోంది. అప్పటికి హోసియత్ ముందుకు వెళ్ళిపోయింది. గోడ పక్కనున్న కుళాయి దగ్గర ఫ్లాస్కు నింపుకోవడానికి నేను ఆగాను. నీళ్ళు నిండేదాకా ఆ మాటలు చెవిన పడ్డాయి.

"ఈ కొండంతా ఒకప్పుడు సముద్రం అడుగు. సముద్రపు పురుగుల గుల్లలు పొరలు పొరలుగా పేరుకుని, గట్టిపడి, తర్వాత నేల పైకి లేచి ఇలా నిలబడింది. సున్నపురాయి కాబట్టి నీళ్ళకు కరుగుతుంది. ఈ గుహలన్నీ అలా ఏర్పడినవే. చుక్కల గుహ చూశారుగా? పైన కురిసిన మంచు సన్నటి పగుళ్ళ గుండా నెమ్మదిగా దిగి దిగి అక్కడికి చేరుతుంది."

"ఇప్పుడు పడట్లేదుగా?" అని ఎవరో అడిగారు.

"పోయిన చలికాలం మంచే లేదుగా. పైన వెయ్యనిది కింద ఎక్కడ్నించి వస్తుంది? మళ్ళీ గట్టిగా మంచు పడేదాకా ఆ గుహ ఎండే."

పిల్లలు లోపలికి వెళ్ళిపోయారు. ఫ్లాస్కు నిండి నీళ్ళు నా చేతి మీంచి పొర్లుతున్నాయి.

పోయిన చలికాలం మంచు పడలేదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? కొండల్లో మంచు లేకపోతే కాలువల్లో నీళ్ళుండవు, నీళ్ళు లేకపోతే ఉజ్గెన్‌లో వరి పండదు, పాత బియ్యం ధరకు రెక్కలొస్తాయి. జనవరిలో ఆకాశం నీలంగా ఉంటే నేను చేతులు రుద్దుకున్నాను. ఎర్రబియ్యం ఎక్కడ దొరికితే అక్కడ కొని గిడ్డంగి నింపాను. లెక్క తప్పలేదు, మే నెలకే ధర ఎగిరింది. ఆ నీలాకాశమే ఇప్పుడు ఇక్కడ రాయిలో కూర్చుంది. దాన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

కుళాయి కట్టేశాను. కథ తేలిపోయింది. సరుకే లేని దుకాణం ముందు మేం నెల రోజులుగా వరసలో నిలబడ్డాం. ఈ సంగతి హోసియత్‌కు చెప్పవచ్చు. చెబితే ఏమంటుందో తెలుసు. "అయితే కొండ వద్దంటోందన్నమాట," అంటుంది. కాబట్టి చెప్పి లాభం లేదు. కొండ దగ్గర లేని చుక్క నా దగ్గర ఫ్లాస్కు నిండా ఉంది. కుళాయి నీళ్ళు కూడా కొండ కిందివే. ఎవరికి నష్టం? ఎవరికీ లేదు. అన్నిటికంటే ముఖ్యం, చల్లగా ఉన్నాయి. గుహ నీళ్ళు చల్లగా ఉంటాయని హోసియత్ ఎన్నిసార్లో చెప్పింది. ఆ మాట గుర్తుపెట్టుకున్నాను. అన్నీ ఆలోచించాననుకున్నాను.

గుహ ముందు చాప వేసుకుని సలియా అమ్మ కూర్చుని ఉంది. వచ్చినవాళ్ళకోసం ప్రార్థన చదివే పెద్దావిడ. హోసియత్ రొట్టెలు ఆమె ఒళ్ళో పెట్టి చెప్పులు విప్పింది.

"మళ్ళీ వచ్చావా తల్లీ."

"ఇదే ఆఖరమ్మా. రేపు కారు."

"సంకల్పం గట్టిగా చెప్పుకో. చుక్క కోసం అటూ ఇటూ జరక్కు. అదే నిన్ను వెతుక్కోవాలి."

లోపల నిలబడటానికి వీల్లేదు. వంగి వెళ్ళి ఆమె వెల్లకిలా పడుకుంది, తలగుడ్డ సర్దుకుని కళ్ళు మూసుకుంది. నేను తల దగ్గర గొంతుక్కూర్చున్నాను. పై రాయి మీద ఒక మచ్చ మాత్రం నల్లగా ఉంది. వేలితో తాకి చూశాను, పొడి పొడిగా ఉంది. ఆమె పెదాలు కదులుతున్నాయి. ఏం చెప్పుకుంటోందో వినపడలేదు, కానీ చేతులు రెండూ పక్కన రాతిని ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే గోళ్ళు తెల్లబడ్డాయి.

కాసేపటికి ఎవరో పసిపిల్లను ఎత్తుకుని వచ్చారు. సలియా అమ్మ వాళ్ళకోసం చదవడానికి అవతలికి లేచి వెళ్ళింది. నేను ఫ్లాస్కు మూత తిప్పాను, చప్పుడు కాకుండా. వేలు ముంచి, ఆమె కుడికంటి మీదికి చాచాను. చుక్క వేలి కొసన కొంచెం ఆగింది. తర్వాత రాలింది.

హోసియత్ ఒళ్ళంతా ఉలిక్కిపడింది.

"పడింది," అంది ముందు మెల్లగా. తర్వాత గుహ మోగేలా, "ఏవండీ! పడింది! కంటి మీదే పడింది!"

లేచి కూర్చుని నవ్వుతోంది, ఏడుస్తోంది. నా చెయ్యి వెతికి పట్టుకుంది. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది. "రేపు ఎన్నింటికి కారు? డాక్టరుగారికి మన ఆప్రికాట్ మురబ్బా ఒక సీసా తీసుకెళ్దాం, కుబాత్‌ది కాదు, నేను చేసింది. వీధి మూల రొట్టెలు కాల్చే ఆవిడ దగ్గర నువ్వుల రొట్టెలు చెప్పండి, రెండు రోజులైనా మెత్తగా ఉంటాయి. అమ్మాయికి ఫోన్ చెయ్యండి. ఆగండి, ఆగండి, నేనే చెప్తా." ఒక చుక్క నీటి పెట్టుబడికి ఇంత రాబడి నేను జన్మలో చూడలేదు. ఇంత సులువని తెలిస్తే జూన్ మొదటి రోజే చేసేవాణ్ణి కదా అనుకున్నాను.

అప్పుడామె కంటి మీది తడిని వేలితో తీసుకుని నాలుకకు రాసుకుంది. చిన్నప్పుడు అమ్మమ్మ అలా నేర్పిందట. కొండ ఇచ్చినదాన్ని తుడిచి పారేయకూడదు, నోట్లో పెట్టుకోవాలి. ఆ నీళ్ళు రాయి రుచితో ఉప్పగా, వగరుగా ఉంటాయి. ఈ సంగతి ఆమె నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆమె ముఖంలో నవ్వు అలాగే ఉండి, మెల్లగా పోయింది. ఇంకోసారి వేలు నాలుక మీద పెట్టి చూసింది.

"ఏవండీ," అంది, "కొండ ఎప్పట్నించి టీ కాస్తోంది?"

చల్లదనం గురించి ఆలోచించాను కానీ ఫ్లాస్కు తొలవడం గురించి ఆలోచించలేదు.

ఫ్లాస్కును వీపు వెనక్కి జరిపాను. అంతలో సలియా అమ్మ వంగి లోపలికి తొంగి చూసింది.

"అరుపు వినపడింది. పడిందా తల్లీ?"

హోసియత్ తలగుడ్డ సర్దుకుంది. "లేదమ్మా," అంది. "పడినట్టనిపించింది అంతే."

నా పరువు అలా కాపాడి, బయటికి పాకి వెళ్ళి చెప్పులు వేసుకుంది.

కమ్మీ దగ్గర ఆమెను ఆపాను.

"హోసియత్, తప్పయింది. నీ కోసమే చేశా. ఆ గుహలో నీళ్ళే లేవు, మంచు పడలేదంట, గైడు చెప్పింది. ఎంత పడుకున్నా పడదు. ఏం చెయ్యమంటావు నన్ను?"

"మీరు నా కోసమే చేశారని తెలుసండీ."

"మరైతే వెళ్దాం. ఏం కావాలంటే అది చేద్దాం. ఇప్పుడే గొర్రెను కోయిద్దాం, మసీదు ముందు అందరికీ అన్నం పెడదాం. సలియా అమ్మనే అడుగుదాం."

"నేను ఇవాళ ఏం సంకల్పం చెప్పుకున్నానో తెలుసా? చుక్క పడినా పడకపోయినా వెళ్తానని చెప్పుకున్నా. ఊరికే, ఆఖరిసారి ఒక్కసారి పడుకుని, లేచి, మీతో చెబుదామనుకున్నా."

నేను ఆమె భుజాలు పట్టుకున్నాను. "మరింకేం? పద. నువ్వు అనుకున్నట్టే!"

"అనుకున్నా. ఆ తర్వాత పడింది. నా జన్మలో అంత సంతోషం లేదండీ. కొండే వచ్చి వెళ్ళవే అన్నట్టు ఉండింది. భయమంతా పోయింది." చేతులు నాకు చూపించింది. "ఇప్పుడు చూడండి."

పట్టుకున్నాను. జూలై ఎండలో ఆ చేతులు చల్లగా ఉన్నాయి.

"ఆ ఆసుపత్రి బల్ల మీద పడుకుని కళ్ళు మూసుకోగానే నాకు టీ రుచే తగులుతుంది. అక్క చెప్పులే కనపడతాయి. నా వల్ల కాదు."

"నన్ను క్షమించలేవా?"

"క్షమించేశానండీ, అక్కడే. క్షమించడం నా చేతుల్లో ఉంది. ధైర్యం నా చేతుల్లో లేదు."

సలియా అమ్మ దగ్గరికి వెనక్కి పరిగెత్తాను. ఎవరూ వినకుండా జరిగింది చెప్పాను. ఆవిడ కోప్పడలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది.

"నీ తప్పుకు నువ్వు దేవుణ్ణి అడుక్కో, ఆయన దయామయుడు. నీ తరఫున నేనూ చదువుతా. కానీ నాయనా, ఆమె సంకల్పాన్ని నువ్వు అడుక్కుంటే రాదు. నేను చదివితే రాదు."

"మీరొక మాట చెబితే వింటుందమ్మా. ఏం కాదు, వెళ్ళు అని."

"చెప్తాలే," అంది. నిజంగానే మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి వచ్చి చెప్పింది. హోసియత్ శ్రద్ధగా వింది, ఆవిడ చేతిని కళ్ళకద్దుకుంది. తర్వాత కమ్మీ పట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది.

తెల్లారేసరికి కారు వచ్చింది. కుబాత్ మాట తప్పలేదు, ముందు సీటు ఖాళీగా ఉంది. డ్రైవరు హారన్ కొట్టకుండా దిగి వచ్చి తలుపు తట్టాడు. నేను ముందే సంచి సర్ది గుమ్మంలో నిలబడి ఉన్నాను. చివరి నిమిషంలో మనసు మారడం బజారులో ఎన్నిసార్లు చూడలేదు? వెళ్ళిపోతున్నట్టు నటించి, మలుపు దాకా వెళ్ళి, తిరిగొచ్చి కొన్నవాళ్ళు ఎందరు లేరు?

హోసియత్ డ్రైవరుకు టీ పోసింది. గిన్నె అంచు వేలితో తడిమి, పొర్లకుండా. దారిలో తినమని రెండు రొట్టెలు గుడ్డలో చుట్టింది.

"ముందు సీటు ఎవరికైనా ఇయ్యి తమ్ముడూ. కనుమల దగ్గర పిల్లల తల్లులు నిలబడుంటారు."

"మీరు రావట్లేదా వదినా? నా గురించి ఆలోచించకండి. కాసేపు ఆగమంటే ఆగుతా."

ఆమె నా వైపు తిరిగింది. నేను కొంచెం పక్కగా ఉన్నాను. అందుకే ఆమె చూపు నేను లేనిచోట ఆగింది. నేను ఆ చోటికి జరిగి నిలబడ్డాను. ఏమైనా అంటే వింటానన్నట్టు చూసింది. నా దగ్గర అనడానికి మాటలున్నాయి, కావలసినన్ని. ఒక్కటీ చెల్లదు. ఆమె చెవికి ఇకనుంచి నా ప్రతి మాటలో ఆ ఫ్లాస్కు రుచి ఉంటుంది.

"ఆగొద్దులే," అన్నాను డ్రైవరుతో. "ఎండెక్కకముందే కనుమ దాటు."

కారు వెళ్ళిపోయింది. హోసియత్ నా చేతిలోంచి సంచి తీసుకుని గదిలో మంచం మీద పెట్టింది. బట్టలు ఒక్కొక్కటే తీసి, అంచులు తడిమి, ఏది ఏదో తేల్చుకుని పెట్టెలో సర్దుతోంది. నేను వెళ్ళి దీపం వేశాను.

"పగలేగా, దీపమెందుకండీ?" అంది.

ఆర్పలేకపోయాను.